ఎడమ వైపు పడవ

మూడు రోజులుగా మా అపార్టుమెంటు మెట్ల దారిలో ఎనామిల్ రంగు వాసన. వానలు వెలిశాక ఏడాదికోసారి గ్రిల్సుకీ రెయిలింగులకీ రంగు వేయించడం మా బ్లాకులో ఆనవాయితీ. మిగతావాళ్ళకు ఆ వాసనతో తలనొప్పి వస్తుంది. నాకు కాళ్ళు నిలవవు. పొయ్యి మీద పాలు పెట్టి, వాటి సంగతి మా ఆయనకు అప్పజెప్పి, ఎవడు దేనికి రంగు పూస్తున్నాడో చూడటానికి మెట్లు దిగి పోతాను. ఈ పొద్దున కూడా దిగాను. రెండో అంతస్తు మలుపులో గోడకు ఎర్ర పెట్టె ఒకటి ఉంది. మంటలంటుకుంటే అందులోంచి నీళ్ళ గొట్టం లాగాలి. అది కొత్తపెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. పెయింటరు మహానుభావుడు తలుపుకీ, గొళ్ళేనికీ, కీలుకీ, అతుకుకీ అన్నిటికీ కలిపి ఒకే పూత పూసి వెళ్ళాడు. నిన్నటి పూత, ఎండి బిగుసుకుపోయింది. గొళ్ళెం పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను. మల్లయ్య సార్‌ని తలుచుకుని ఎన్నేళ్ళయిందో లెక్క కూడా అందలేదు, అందుకు సిగ్గేసింది.

మల్లయ్య సార్ నా మొదటి ఉద్యోగంలో నా పైఅధికారి. తొంభై తొమ్మిది నాటి మాట. హైటెక్ సిటీ అనే పేరు అప్పటికి ఇంకా కొత్తగా ఉండేది. ఒక భవనం, చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు, ఎటు చూసినా జేసీబీల దుమ్ము. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి మమ్మల్ని ఆఫీసు వ్యానులో తీసుకుపోయేవారు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆ కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. కంప్యూటరు డిప్లొమా చేతబట్టుకుని ఎక్కడ దూరదామా అని తిరుగుతున్న నాకు దొరికింది, ఓడలు నడిపే ఒక కంపెనీ తాలూకు భద్రతా విభాగం. సముద్రానికి ఇంత దూరంలో ఓడలేమిటని అందరూ నవ్వారు. కాగితాలకు నీళ్ళతో పనేముంది? పద్నాలుగు ఓడలు ప్రపంచంలో ఎక్కడున్నా వాటి పత్రాలు, తనిఖీలు, విన్యాసాల, అంటే డ్రిల్లుల, నివేదికలు అన్నీ మా గదిలోకి వచ్చి పడేవి. నాతో చదివినవాళ్ళంతా ఆ ఏడాది వైటూకే అనే రెండువేల సంవత్సరపు సున్నాల గొడవ పట్టుకుని కంపెనీలు మారుతూ ఎగిరిపోతున్నారు. నేనేమో ఓడలో ఎన్ని లైఫ్‌జాకెట్లున్నాయో కంప్యూటరులోకి ఎక్కించుకుంటూ కూర్చున్నాను. ఎప్పుడు బయటపడదామా అని ఒకటే ఆరాటం.

ఆయన్ని మొదటిరోజు చూసి ఆఫీసు గుమాస్తా అనుకున్నాను. పొట్టిగా, నల్లగా, పొట్టిచేతుల తెల్లచొక్కా, కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. సిద్దిపేట అవతల ఏదో పల్లె ఆయనది. చెరువు నిండటమే పెద్ద వార్తయ్యే చోట పుట్టి, మరమగ్గాల పనికని బొంబాయి వెళ్ళి, అక్కడ ఒకడి మాట విని ఓడెక్కి, డెక్కు కడిగే పని నుంచి పరీక్షలు రాసుకుంటూ ఆఫీసరు దాకా వచ్చి, ముప్పయ్యేళ్ళు నీళ్ళ మీద గడిపాడు. కోస్తా నుంచి వచ్చిన నేను అప్పటికి ఓడ ఎక్కలేదు సరికదా, బందరు సముద్రం చూసింది కూడా ఒక్కసారి. అదే మాట అంటే ఆయన పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ఎవరు ఆఫీసుకు వచ్చినా, సముద్రం పిల్లకి సముద్రం నేర్పుతున్నది నేనేనని చెప్పుకునేవాడు.

నాకు ఆ పని మీద మొదట కలిగిన అనుమానం ఆయనే తీర్చాడు. మా ఓడల్లో ఒకటి ముసలిది. మేమంతా దాన్ని ముసలమ్మ అనేవాళ్ళం. దాని మీద ఎగిరేది ఒక దేశం జెండా. యజమాని ఇంకో దేశంలో ఉంటాడు. అది గట్టిగా ఉందని సర్టిఫికెట్టు ఇచ్చే సంస్థ మూడో దేశంలో ఉంది. పనివాళ్ళు నాలుగు దేశాల వాళ్ళు. ఇక దాని కాగితాలు మాదాపూర్ బండల మధ్య నా దగ్గరున్నాయి. నడిసముద్రంలో అది ఎవరి మాట వింటుందని అడిగాను. రేవుకొస్తే ఆ దేశపు అధికారి ఎక్కి తనిఖీ చేస్తాడు, బాగాలేకపోతే కదలనివ్వడు. అంతవరకు అర్థమైంది. మధ్యలో పదిహేను రోజులు ఎవరూ ఎక్కని చోట?

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవలూ లేని కాడ కాయితం మాట వింటది బిడ్డా. పోలీసు లేడు, దవాఖాన లేదు, కాయితం ఒక్కటే ఉంటది. గందుకే అది అబద్ధం ఆడొద్దు."

అంతకు ముందు ఏడాదే ఓడల భద్రతకు కొత్త అంతర్జాతీయ నియమావళి అమల్లోకి వచ్చింది. చేసే ప్రతి పనికీ ఒక పద్ధతి రాసుకోవాలి, రాసినట్టు చెయ్యాలి, చేసినట్టు రుజువుండాలి. వీటన్నిటికీ మించి, ప్రతి కంపెనీలో ఒడ్డున ఒక మనిషిని నియమించాలి. ఓడలో ఏది తప్పినా, మధ్యలో మేనేజర్లెవరినీ అడగకుండా ఆ మనిషి నేరుగా పై యజమాని దగ్గరకు వెళ్ళవచ్చు. మా కంపెనీలో ఆ మనిషి మల్లయ్య సార్. ఆయన బల్ల మీద ఫోను పక్కన ఒక నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. అంత పెద్ద హక్కున్న మనిషి ఒక పెన్ను పోతుందని దారం కట్టుకోవడం చూసి నేను చాటున నవ్వుకునేదాన్ని.

ఆయనతో ఉన్న తంటా ఒక్కటే. అయింది అన్న మాట ఆయన చెవికెక్కదు. ఫలానా ఓడలో మంటలార్పే పంపు బాగు చేశారు, అయిందండి సార్, అంటాను. "ఎవలు చూసిండ్రు?" అంటాడు. ఓడ నుంచి మెయిల్ వచ్చిందండి. మెయిల్ పంపినాయన చూసిండా, ఆయనకు ఇంకెవలన్న చెప్పిండ్రా? ఇక నేను మళ్ళీ రాయాలి, వాళ్ళు మళ్ళీ జవాబివ్వాలి, అక్కడివాళ్ళు నన్ను తిట్టుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. దీనికి తోడు నెలలో మొదటి శనివారం మా ఆఫీసులోనే విన్యాసం. ఆయన జేబులోంచి ఈల తీసి ఊదితే, పదకొండుమందిమీ లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి, బయట బండ దగ్గర వరసగా నిలబడి, ఎవరి పేరు వాళ్ళు చెప్పి, ఎవరి పని ఏదో చెప్పాలి. నా పని హాజరు పుస్తకం పట్టుకురావడం. పక్క ఆఫీసుల వాళ్ళు కిటికీల్లోంచి చూసి ఇకిలించేవాళ్ళు. నేను తలదించుకుని పద్మజ, హాజరు పుస్తకం అని గొణిగితే, "సముద్రం మీద గాలుంటది, గట్టిగ చెప్పు" అనేవాడు.

ఇక నా తెలివి సంగతి. ఓడల మీద ఆఫీసర్లు రాతపని ఎక్కువైందని గోల పెడుతున్నారు. నెలనెలా ప్రాణరక్షక పడవ దించే విన్యాసం చెయ్యాలి. చేశాక ఒక ఫారం నింపాలి: ఎన్ని గంటలకు మొదలైంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బ్రేకు ఎవరు పట్టారు, పడవ ఎంతసేపట్లో దిగింది, ఇలా ముప్పై గళ్ళు. ముప్పై గళ్ళు నెలనెలా నింపడం నాకే విసుగు. నేను ఆ ఫారంలో ఒక బటన్ పెట్టాను. దాని మీద గత నెలలాగే అని ఉంటుంది. నొక్కితే పాత వివరాలన్నీ వచ్చి కూర్చుంటాయి, తేదీ మార్చుకుంటే చాలు. ఓడల నుంచి పొగడ్తల మెయిళ్ళు వచ్చాయి. మా మేనేజరు కిశోర్ గారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. ఆయన విజయవాడ మనిషి, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించడు. మల్లయ్య సార్ మాత్రం ఆ బటన్ కేసి కాసేపు చూసి, రెండు నెలలు ఒక్కతీరుగ ఎట్లుంటయ్ అన్నాడు. మార్చుకోవాల్సినవి వాళ్ళే మార్చుకుంటారు సార్, చదువుకున్నవాళ్ళు, అని వాదించాను. కంప్యూటరు నాకు తెలువదమ్మా అని ఊరుకున్నాడు. ఆయన అలా ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే. గెలిచానని పొంగిపోయాను.

ఆ ఆగస్టులో యజమానుల తరఫు మనుషులు మమ్మల్ని చూడటానికి వస్తున్నామన్నారు. పని నచ్చితే ఇంకో పది ఓడల కాగితాలు హైదరాబాదుకే ఇస్తారు. ఆఫీసు పెద్దదవుతుంది. నా ఉద్యోగం ఖాయమవుతుంది, బహుశా నాకింద ఇద్దరు కూడా వస్తారు. వాళ్ళొచ్చేది సోమవారం. ముందు గురువారం నాడు లోకనాథం వచ్చాడు.

లోకనాథం శ్రీకాకుళం జిల్లా మనిషి, ముసలమ్మ మీద సరంగు, అంటే డెక్కు పనివాళ్ళకు మేస్త్రీ. ఓడ దిగి ఇంటికి వచ్చి, పని చేసినట్టు సర్టిఫికెట్టు తీసుకోవడానికి మా ఆఫీసుకొచ్చాడు. మల్లయ్య సార్‌కి ఓడ మనుషులు కనిపిస్తే పండగే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ముసలమ్మ ఎలా ఉందని క్షేమ సమాచారాలు అడిగాడు. నీ పేరు మా దగ్గర ఎట్ల కనపడతదో చూడు అంటూ అతన్ని నా కంప్యూటరు దగ్గరకు తీసుకొచ్చాడు. నేను గర్వంగా ముసలమ్మ తాజా విన్యాసం ఫారం తెరిచాను. వారం కిందటిది. ఎడమ వైపు పడవ, బ్రేకు పట్టినవారు: లోకనాథం.

అతను తెర మీదికి వంగి చూశాడు. "అదేటి సారూ. నాను దిగిపోయి నెలా పది రోజులైపోనాది కదా."

మల్లయ్య సార్ మొదట నవ్వాడు. నువ్విక్కడ చాయ్ తాగుతున్నవ్, అక్కడ పడవ దించుతున్నవ్, ఇద్దరున్నరా ఏంది అన్నాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వు సగంలో నిలిచిపోయింది. మెల్లగా, పోలీసులా కాకుండా ఇంటి పెద్దలా అడిగాడు, నువ్వున్నప్పుడన్న దించిండ్రా అని. లోకనాథం గ్లాసు తిప్పుతూ చెప్పాడు. పడవ దగ్గర నిలబడి పేర్లు పిలిచేవారట. ఆ తర్వాత ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవారట. దించింది ఎప్పుడో అతనికి గుర్తు రాలేదు. చెప్పకుండా ఉండాల్సిన మాట చెప్పేశానేమోనని బెంగపడి, ఆయన్ని సంతోషపెట్టడానికన్నట్టు, "రంగు మాత్రం నానే ఏసినాను సారూ. పడవకీ, దాన్ని దించే ఇనప చేతులకీ, మేకులకీ, అన్నిటికీ. తళతళా మెరిసిపోద్ది" అన్నాడు. అతన్ని బస్సెక్కించడానికి మల్లయ్య సార్ తనే కిందికి వెళ్ళాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఎన్నేళ్ళయినా నోట్లో చేదు పోదు. ఆయన తిరిగొచ్చేలోపు రికార్డు తెరిచాను. నాకు ఆ వీలుంది, ఆ ప్రోగ్రాం రాసింది నేనే. లోకనాథం పేరు తీసేసి, ఓడలో చేరిన కొత్త సరంగు పేరు పెట్టాను. రెండు నిమిషాల పని. తీరా చేశాక ఎంత హాయిగా అనిపించిందో. సోమవారం వచ్చేవాళ్ళు ఏ మూల వెతికినా తప్పు దొరకదు. నా బటన్ బాగుంది, నేను బాగున్నాను, ఆఫీసు బాగుంది. ఆ ఓడలో ఇరవై ఇద్దరు మనుషులున్నారన్నది నా బుర్రలోకే రాలేదు. వాళ్ళ పేర్లన్నీ రోజూ నేనే ఎక్కిస్తున్నాను మరి.

శుక్రవారం పొద్దున ఆయన వచ్చి, నిన్నటి ఫారం మళ్ళీ తెరవమన్నాడు. తెరిచాను. కొత్త పేరు చదివాడు. ఓడ నుంచి దిద్దుబాటు వచ్చిందండి సార్ అన్నాను. అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎవరు చూశారని అడుగుతాడని, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన అది అడగలేదు.

"పేరు మార్చినవ్ బిడ్డా" అన్నాడు. "పడవ దిగుతదా?"

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, లేదా ఎదురు తిరిగేదాన్ని. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ముసలమ్మకు ఫోను కలపమన్నాడు. ఆ రోజుల్లో నీళ్ళ మీదున్న ఓడతో ఉపగ్రహం మీదుగా మాట్లాడాలి. మన మాట వెళ్ళి వాళ్ళ మాట రావడానికి మధ్యలో ఒక ఖాళీ ఉండేది. ముసలమ్మ ఖనిజం నింపుకుని తూర్పు తీరంలో ఒక రేవు బయట లంగరు వేసి ఉంది. శనివారం తెల్లారాక కదులుతుంది. ముందున్నది వానాకాలపు సముద్రం. చీఫ్ ఆఫీసరు ఫోనెత్తి విన్యాసం పోయిన వారమే అయిందన్నాడు. మల్లయ్య సార్ సంతోషం అన్నాడు. ఇప్పుడు నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి కదా, రెండు పడవలూ ఒకదాని తర్వాత ఒకటి కిందిదాకా దించి, కెప్టెన్ గారినే నాతో మాట్లాడమనండి, నేను ఇక్కడే కూర్చుని ఉంటాను అని ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు. అవతల ఆ ఖాళీ మామూలు కన్నా ఎక్కువసేపు నడిచింది.

కూర్చున్నాం. ఆయన దారానికున్న పెన్ను నా చేతికిచ్చి, సమయం రాయమన్నాడు. రాశాను. గంట గడిచింది. వ్యాను డ్రైవరు వచ్చి ఏదో అడిగి వెళ్ళాడు. బయట బండలు పేలుస్తున్న చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఆ సమయంలోనే, నేను అడగకుండానే, ఆయన ఒక ముక్క చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పనిచేసిన ఓడ ఒకటి మంటల్లో చిక్కుకుంది. పడవ దిగలేదు. గొడ్డలితో నలుగురు కొట్టినా కదల్లేదు. చివరికి అందరూ దూకారు. "మా వంటాయనకు ఈత రాదు" అన్నాడు, అంతే. ఆయన చూపుడువేలి గోరు అలా పోయిందని అప్పుడు అర్థమైంది.

ఫోను మోగింది. కెప్టెనే. కుడి వైపు పడవ దిగిందట. ఎడమ వైపుది కదల్లేదు. పడవను పట్టి ఉంచే మేకులు, బ్రేకు, రెండూ రంగు కింద తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పూత మీద పూత, ఎన్ని పూతలో. పైనుంచి చూస్తే ఓడ మొత్తంలో అంత అందంగా ఉన్న వస్తువు లేదని కెప్టెనే అన్నాడు. మల్లయ్య సార్ కళ్ళు మూసుకున్నాడు. నాకు లోకనాథం ముఖం కనబడింది, ఎంత ముచ్చటగా చెప్పాడని.

కిశోర్ గారు వచ్చి తలుపు వేశారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట మళ్ళీ చెబుతున్నాను. ఒక్కొక్క పడవలోనూ ఓడలోని అందరూ పడతారు కదా, ఒకటి బాగానే ఉంది కదా, ఓడను బయల్దేరనిచ్చి వచ్చే రేవులో బాగు చేయిద్దాం, ఈ మాట యజమానులకు సోమవారం తర్వాత రాద్దాం, పదకొండుమంది జీవితాలండీ ఇవి, అన్నారు. నాకు ఆ మాట ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. తల ఊపాను కూడా.

"ఓడ ఎటు దిక్కు ఒరగాల్నో మనం చెప్తమా కిశోర్ గారూ?" అన్నాడు మల్లయ్య సార్. ఓడ పక్కకు ఒరిగితే పైకి లేచిన వైపు పడవ దిగదు, రెండోదే దిక్కు. అది నాకు నేర్పింది ఆయనే.

ఆయన కాగితం తీసుకుని యజమానికి నివేదిక చేత్తో రాశాడు. ముందు తన తప్పు. ఆ బటన్ సరైంది కాదని నాకు తోచింది, అడ్డు చెప్పకుండా ఊరుకున్నాను అని. తర్వాత ఓడ మీద జరిగింది, పడవ బాగయ్యేదాకా ఓడ కదలకూడదన్న మాట. ఆ తర్వాత మూడు అని అంకె వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా, కాగితం నా ముందుకు తోశాడు.

"ఇది నీది. రాస్తే రాయి. రాయకపోతే గట్లనే ఖాళీగ పోతది."

పెన్ను అక్కడ పారేసి మెట్లు దిగి బయటకు పోయాను. విన్యాసంలో నిలబడే బండ దగ్గర ఎండలో అటూ ఇటూ తిరిగాను. ఆయన్ని అసహ్యించుకున్నాను. నా పేరు ఆయనే రాసి ఉంటే ఇంటికెళ్ళి ముసలాడు నన్ను ఇరికించాడని చెప్పుకోవచ్చు. కాపాడి ఉంటే దండం పెట్టి మర్చిపోవచ్చు. రెండూ చెయ్యకుండా ఒక ఖాళీ గీత నా మొహాన పడేశాడు. వ్యాను ఎక్కి వెళ్ళిపోదామనుకున్నాను, రేపట్నుంచి రాకపోతే ఎవరేం చేస్తారని. కానీ ఆ కాగితం ఖాళీగా వెళ్తుంది, యజమాని ఆ మూడో అంకె చూసి ఇదేమిటని అడుగుతాడు, ఈయన ఏమీ చెప్పడు, అది నాకు తెలుసు. ఎంతసేపు తిరిగానో, చెప్పుల్లో కాళ్ళు కాలిపోయాయి. పైకి వెళ్ళి రాశాను. రికార్డులో పేరు మార్చింది నేను. ఓడ నుంచి ఏ దిద్దుబాటూ రాలేదు. కింద పద్మజ అని సంతకం.

ఆయన చదివాడు. శభాష్ అంటాడని ఎదురుచూశానంటే నవ్వొస్తుంది, కానీ చూశాను. "ఇంగ్లీషుల రాయి బిడ్డా, వాళ్ళకు తెలుగు రాదు" అన్నాడు. అంత కంగారులో తెలుగులో రాశానని నాకు తెలియనే లేదు.

ఫ్యాక్స్ వెళ్ళింది. ముసలమ్మ రెండు రోజులు లంగరులోనే ఉండి, ఒడ్డు నుంచి మనుషులొచ్చి బాగు చేశాక, ఎడమ వైపు పడవ నీళ్ళు తాకిందని కెప్టెన్ స్వయంగా ఫోను చేశాక కదిలింది. సోమవారం వచ్చినవాళ్ళు మల్లయ్య సార్ చెయ్యి పట్టుకుని ఊపి, చాలా మెచ్చుకున్నారు. మెచ్చుకుని వెళ్ళి, పది ఓడల పని ఇంకెవరికో ఇచ్చారు. రెండు నెలలకు భద్రతా విభాగాన్ని వేరే ఊరికి మార్చారు. నియమావళిలో ఒడ్డున ఒక మనిషి ఉండాలని ఉంది, ఆ మనిషి ఈయనే అయి ఉండాలని లేదు. ఆఖరి రోజున ఆయన పెన్ను దారం విప్పి పెన్నును ఆఫీసు సొరుగులో పెట్టి, ఈల మాత్రం జేబులో వేసుకుని వ్యాను ఎక్కాడు. నన్ను ఉంచుకుంటామన్నారు, కంప్యూటరు పని తెలిసినదాన్నని. నెల తిరక్కుండానే మానేశాను. ఆ బటన్ నా చేత్తోనే తీసేసి మానేశాను.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. నాలుగైదేళ్ళకు, మూసాపేటలో బస్సు కోసం నిలబడి ఉంటే, సంచీతో ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. ఏదో గోదాములో కాపలా సిబ్బందికి మంటలార్పడం నేర్పుతున్నానన్నాడు. నాకు అప్పటికి పెద్ద కంపెనీలో ఉద్యోగం, కింద పన్నెండుమంది. ఆయన్ని చూడగానే సంతోషం కన్నా ముందు దిగులు వచ్చింది. ఎన్నో రోజులుగా లోపల తొలుస్తున్న మాట అక్కడే, ఆ బస్సుల రొదలోనే అనేశాను. ముసలమ్మ సంగతి కనుక్కున్నాను సార్. దానికేం కాలేదు. వయసైపోయి, తుక్కుకి వెళ్ళిపోయింది. ఆ పడవ ఒక్కసారి కూడా ఎవరికీ అవసరం పడలేదు. మీ ఉద్యోగం ఊరికే పోయింది.

ఆయన తలూపాడు. చాలా తృప్తిగా, మంచి భోజనం చేసినవాడిలా. "ఏం కాలేదా. గదే కదా బిడ్డా మన నౌకరి" అన్నాడు. బస్సు వస్తే ఎక్కేముందు డ్రైవరు వెనక అత్యవసర ద్వారం గొళ్ళెం కేసి ఒక చూపు చూసి ఎక్కాడు. ఆయన పోయిన సంగతి ఏడాదిన్నర గడిచాక గానీ నాకు తెలియలేదు. లోకనాథం ఎక్కడో నా నంబరు సంపాదించి చెప్పాడు.

ఈ పొద్దున మెట్టు మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే మా వాచ్‌మన్ యాదగిరి పైకొచ్చాడు. మెదక్ దిక్కు మనిషి, నిదానస్తుడు. ఏమైంది మేడం, పానం మంచిగ లేదా అన్నాడు. పెట్టె తెరుచుకోవడం లేదన్నాను. ఫికర్ చేయకండి, ప్రతి నెలా చెకింగ్ అయితనే ఉంది, కార్డు గూడ ఉంది అని, పక్కన మేకుకు తగిలించిన అట్ట తీసి చూపించాడు. నెలకో గీత. పదకొండు గీతల్లో పదకొండు సంతకాలు, అన్నీ ఒకే చేతివి. అవి నావే. అసోసియేషన్‌లో భద్రత చూసే బాధ్యత నాది. నెలాఖరున యాదగిరి ఆ కార్డు పట్టుకుని మా తలుపు కొడతాడు. పొయ్యి మీద ఏదో ఉంటుంది. అయిందా అంటాను, అయింది మేడం అంటాడు, చెప్పుల స్టాండు మీద పెట్టి సంతకం గీకేస్తాను. ఎవరు చూశారని ఒక్క నెలైనా అడగలేదు.

వంటింట్లోంచి చాకు తెచ్చి అతుకుల వెంట గీరాను. యాదగిరి స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఇద్దరం కలిసి లాగితే తలుపు రంగు ఊడుతూ వచ్చింది. లోపల గొట్టం ఉంది. నీళ్ళు వదిలే చక్రం మాత్రం ఇద్దరి బలానికీ తిరగలేదు. ప్లంబరుకు ఫోను చేశాను, గంటలో వస్తానన్నాడు. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానని మా ఆయనకు చెప్పి పంపాను.

కార్డు ఒళ్ళో పెట్టుకుని ఈ నెల గీతలో రాశాను: పెట్టె తెరుచుకోలేదు, చక్రం తిరగలేదు. కింద పేరు. యాదగిరి వంగి చదివి, గిట్ల రాస్తే సెక్రటరీ సార్ అడుగుతడు మేడం అని భయపడ్డాడు. అడగనీ అన్నాను. తర్వాత పై గీతలకు వెళ్ళాను. మొదటి సంతకం పక్కన, చూడలేదు అని రాశాను. రెండో దాని పక్కన కూడా రాశాను. ప్లంబరు మెట్లెక్కి వచ్చేసరికి పదకొండోది రాస్తున్నాను.